రాజుల కాలం సినిమాలో జనంగా నిలబడటానికి ఇంటిల్లిపాదీ వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

పోయిన ఎండాకాలం సెలవుల్లో చంద్రగిరి అవతల ఒక మామిడితోట పక్కన వేసిన సెట్‌లో మా ఇంట్లో ఐదుగురం నాలుగు రోజులు విజయనగర కాలం మనుషులుగా తిరిగాం. మా ఆయన, నేను, ఇంటర్ చదివే అమ్మాయి, ఐదో తరగతి అబ్బోడు, మా అత్తమ్మ. అప్పటి నుంచి బంధువుల్లో గానీ మా వీధిలో గానీ ఎవరికి ఇలాంటి పిలుపు వచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తున్నారు, "అక్కా, మీరు పోయినారు కదా, మేమూ పోదామా?" అని. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేసరికి మిషను మీద బట్టలు అట్లాగే ఉండిపోతున్నాయి, అందుకే రాసి పెడుతున్నా. నేను తిరుపతిలో ఇంట్లోనే బట్టలు కుడతాను, సినిమా మనిషిని కాదు. గుంపులో నిలబడేవాళ్ళకి పనికొచ్చే సంగతుల వరకే నాకు తెలుసు.

మొదట మీరు ఎంతసేపు కూర్చోగలరో చూసుకోండి. ఈ పనిలో నటించేది చిటికెడు, కాచుకుని కూర్చునేది గంపెడు. ఒక్క షాట్ నిమిషం కూడా ఉండదు, కానీ దానికోసం కెమెరా జరపాలి, గుర్రాన్ని తిప్పి మళ్ళీ మొదటి చోటికి తేవాలి, ఎవరి తలపాగానో ఊడితే మళ్ళీ చుట్టాలి. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ళ కింద నల్లటి నీడలు పడతాయని పైన పెద్ద పెద్ద తెల్లగుడ్డలు కట్టాలి. మొదటి రోజు మేం తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సెక్కితే మధ్యాహ్నం పన్నెండున్నర దాకా మమ్మల్ని పలకరించిన మనిషి లేడు. తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లో కూర్చున్న అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని తట్టుకుంటారు. కాకపోతే అక్కడ చివరికి స్వామి కనిపిస్తాడు, ఇక్కడ హీరో కూడా కనిపించడు. అరగంటకోసారి "ఎప్పుడు పిలుస్తారు" అని అడిగే మనిషి మీ ఇంట్లో ఉంటే ఆ మనిషిని ఇంట్లోనే వదిలి వెళ్ళండి. మా ఇంట్లో అది మా ఆయనే, అయినా తీసుకుపోయాం, దాని ఫలితం అనుభవించాం.

ఇక పిలుపు ఎట్లా వస్తుందంటే, పెద్ద సినిమాలకి జనాన్ని తెచ్చే ఏజెంట్లు ఉంటారు. గుంపులో నిలబడేవాళ్ళని వాళ్ళు జూనియర్ ఆర్టిస్టులు అంటారు. హైదరాబాదులో ఈ పనికి యూనియన్ కార్డు ఉన్నవాళ్ళు ఉంటారు, షూటింగ్ మన వైపు జరిగినప్పుడు మాత్రం ఊళ్ళో జనం కూడా కావాల్సి వస్తుంది. ముసలివాళ్ళు, పిల్లలు, లావుపాటివాళ్ళు, ఎండకి కమిలిన ముఖాలు, ఇట్లా అన్ని రకాలూ ఉంటేనే బజారు బజారులా కనిపిస్తుంది. అందుకే ఇంటిల్లిపాదీ వస్తామంటే వాళ్ళకి సంతోషం. మాకు వాట్సాప్‌లో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది.

ఇక్కడే జాగ్రత్త. రిజిస్ట్రేషన్ ఫీజు అనో, పోర్ట్‌ఫోలియో ఫోటోలు తీయాలి, దానికి ఇంత కట్టండి అనో, హీరో చెల్లెలి పాత్ర మీ అమ్మాయికే అనో ఎవరన్నా డబ్బు అడిగితే ఆ ఫోన్ అక్కడే పెట్టేయండి. పని చేసేది మనం, డబ్బు రావాల్సింది మన వైపుకి. ఆన్‌లైన్లో పంపి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాలకి పెట్టిన నంబరు. ఆడపిల్లని ఒక్కదాన్నే "లుక్ టెస్ట్" అని లాడ్జికి రమ్మంటే వెళ్ళకండి, ఇది చెప్పాల్సిన పని లేదు గానీ చెప్తున్నా.

ఒప్పుకునే ముందు ఏజెంటుని ఈ మాటలు అడగండి, ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో అడగండి: తలకి ఎంత, ఆ రోజే ఇస్తారా తర్వాతా, మీ కమిషన్ అందులోదేనా విడిగానా, రాత్రి షూటింగ్ ఉంటే ఎక్కువ ఇస్తారా, బస్సు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, భోజనం ఎవరిది, ఎన్ని రోజులు. మేం మొదటి మాట తప్ప ఏదీ అడగలేదు. పెద్దవాళ్ళకి ఎనిమిది వందలు అన్నారు, సాయంత్రం చేతిలో పడింది ఆరువందల యాభై, ఏమంటే "బస్సు, కమిషను పోయిందమ్మా" అన్నాడు. రెండో రోజు పొద్దున బస్సెక్కే ముందే మా అత్తమ్మ ఆయన్ని పట్టుకుని "నాయనా, బస్సుకి డబ్బులైతే మేము ఆర్టీసీలో వస్తాంలే" అన్నది. మిగతా మూడు రోజులూ ఏడువందల యాభై ఇచ్చాడు. పూర్తిగా గెలిచామని చెప్పను.

పిల్లల్ని తీసుకెళ్తుంటే

ఈ భాగం మాత్రం దాటేయకండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని కొన్ని రకాల పనుల్లో పెట్టకూడదనే చట్టం 1986 నుంచి ఉంది. 2016లో దాన్ని అన్ని పనులకీ వర్తించేలా సవరించినప్పుడు సినిమాల్లో నటించే పిల్లలకి మినహాయింపు ఇచ్చారు, అదీ షరతులతోనే. ఆ షరతులు 2017 నిబంధనల్లో ఉన్నాయి: రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి లేకుండా మూడు గంటలకి మించి ఉంచకూడదు, షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ (అంటే కలెక్టరు) అనుమతి నిర్మాత ముందే తీసుకోవాలి, వరసగా 27 రోజులకి మించి పని చేయించకూడదు, ప్రతి ఐదుగురు పిల్లలకీ కనీసం ఒక బాధ్యుడైన మనిషి ఉండాలి, వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేయాలి. పిల్లలకి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా అందులో ఉంది.

మేం ఏజెంటుని "అబ్బోడికి కలెక్టరాఫీసు పర్మిషన్ ఉందా?" అని అడిగితే "ఒకరోజు దానికి ఎవరడుగుతారమ్మా" అన్నాడు. సెట్‌లో ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగితే ఆయన మారు మాట్లాడకుండా ఫైల్ తీసి చూపించాడు, పిల్లల పేర్ల జాబితా ఉంది, అందులో మావాడి పేరు లేదు. దాంతో వాడు మొదటి రోజంతా కాస్ట్యూమ్ వేసుకోకుండా టెంట్లో కూర్చున్నాడు, ఏడుపు ముఖంతో. పేరు చేర్చాక మూడో రోజు, నాలుగో రోజు చేశాడు. అందుకే చెప్తున్నా, అడగాల్సింది ఏజెంటుని కాదు, ప్రొడక్షన్ వాళ్ళని, అది కూడా వారం ముందు. మామూలు టైమ్ అయితే స్కూలు కూడా చూసుకోవాలి, మాకు సెలవులు కాబట్టి ఆ గొడవ లేదు.

గుండు, గోరింటాకు, కళ్ళద్దాలు

తిరుపతి వాళ్ళకి మాత్రమే వచ్చే సమస్య ఒకటుంది. మా బస్సులో వచ్చిన ఒకాయన మొదటి రోజు గుబురు మీసం, ఒత్తు జుట్టుతో కోమటి అంగట్లో బేరం చేశాడు, సాయంత్రం ఇంటికి పోయి ఎవరో చుట్టాలొస్తే వాళ్ళతో కొండకి పోయి కల్యాణకట్టలో గుండు చేయించుకుని మర్నాడు దిగాడు. ఆ సీను ఇంకా సగం మిగిలి ఉంది! అసిస్టెంట్ డైరెక్టరు పిల్లోడు తల పట్టుకున్నాడు, చివరికి ఆయన్ని ఇంటికి పంపించేశారు. కాబట్టి మొక్కు ఉంటే ముందే తీర్చుకోండి, లేదా మీ షూటింగ్ మొత్తం అయ్యాక తీర్చుకోండి, మధ్యలో వద్దు. ముందే గుండు ఉన్నవాళ్ళకి మాత్రం గిరాకీ ఉంది, తలపాగా చుట్టేయొచ్చు, లేదా పిలక అతికించి పురోహితుణ్ణి చేసేయొచ్చు.

మీ ఒంటి మీద ఈ కాలం గుర్తులు ఏమేం ఉన్నాయో అద్దం ముందు నిలబడి చూసుకోండి. నెయిల్ పాలిష్ తీసేయండి. రంగు వేసిన జుట్టు ఉంటే ముందే చెప్పండి. గోరింటాకు పర్వాలేదు గానీ కోన్ డిజైన్లు వద్దు. వాచీ పెట్టుకునే చోట తెల్లటి గుర్తు ఉంటుంది కదా, మేకప్ వాళ్ళు దాని మీద కూడా రంగు పూస్తారు. భుజం మీద టీకా మచ్చ ఉంటుంది చూడండి, నాకూ ఉంది, నేను దాని సంగతే అనుకోలేదు. మేకప్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "అక్కా, రాయల కాలంలో బీసీజీ వేయలేదు" అని నవ్వి కప్పేసింది. మా అత్తమ్మ చేతి మీది పచ్చబొట్టు మాత్రం వాళ్ళకి తెగ నచ్చింది, దాన్ని చూపించేలా నిలబెట్టారు. మా అమ్మాయి స్నేహితురాలికి మెడ మీద సీతాకోకచిలుక ఉంది, ఆ పిల్ల నాలుగు రోజులూ కొప్పు బదులు జుట్టు విరబోసుకుని తిరిగింది.

కళ్ళద్దాలు పెట్టుకోనివ్వరు, అది మీకు తెలుసు. కానీ అద్దాలు లేకుండా మీరు ఎంత దూరం చూడగలరో తెలుసా? మా ఆయనకి పవర్ ఎక్కువ. వేలు ఊపితే నడవాలి అని చెప్పి అసిస్టెంటు యాభై అడుగుల దూరంలో నిలబడి వేలు ఊపాడు, అందరూ నడిచారు, ఈయన మాత్రం స్తంభంలా నిలబడిపోయాడు. రెండోసారి ముందే నడిచేశాడు. మూడోసారి నేను పక్కన నిలబడి చీర కొంగుతో తట్టాను. లెన్సులు ఉంటే లెన్సులు పెట్టుకోండి, లేకపోతే ఇట్లా తట్టేవాళ్ళని పక్కన పెట్టమని అడగండి, ఒప్పుకుంటారు.

పిల్లలకి ముందురోజు ఏదైనా చూపిస్తే మంచిది. కొండకి పోయినప్పుడు మహాద్వారం దాటి లోపలికి అడుగుపెట్టగానే చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల విగ్రహం, ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి, మనం ఎప్పుడూ తోసుకుంటూ పోతాం గానీ చూడం. తల మీద పొడుగాటి టోపీ ఉంటుంది, దాన్నే కుళ్ళాయి అంటారు. మావాడికి సెట్‌లో అదే టోపీ పెట్టుకున్న వాళ్ళని చూసి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. చంద్రగిరి కోటలో రాజమహల్ మ్యూజియం కూడా చూపించాం. అక్కడే షూటింగ్ అనుకుని వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంటుంది, వాళ్ళ అనుమతి లేకుండా అక్కడ షూటింగ్ చేయకూడదు. ఇటు ఈ సెట్‌లో దుమ్ము లేపాలి, మంటలు పెట్టాలి, గుర్రాలు ఉరికించాలి, అందుకే తోట పక్కన థర్మాకోలు, ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో వీధికి వీధే కట్టేశారు. రాతి స్తంభాన్ని మావాడు ఒక వేలితో నొక్కితే గుంట పడింది. ఇట్లాంటివి చేయనివ్వకండి.

పొద్దున బయల్దేరేటప్పుడు

బస్సు మాకు లీలామహల్ సెంటర్‌లో. ఆడవాళ్ళకి జుట్టు, నగలు ఎక్కువ టైమ్ పడుతుంది కాబట్టి ముందు ఆడవాళ్ళని పిలుస్తారు. గడ్డం గీసుకోకుండా వచ్చే మగవాళ్ళు ఇంకో గంట పడుకోవచ్చు అన్నమాట, అన్యాయమే.

సంచిలో ఏం పెట్టుకోవాలంటే: ఆధార్ జిరాక్స్, నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పాత దుప్పటి (నేల మీద పరుచుకోవడానికి, కుర్చీలు మనకి ఉండవు), విసనకర్ర, కొబ్బరినూనె సీసా, రోజూ వేసుకునే మందులు, సేఫ్టీ పిన్నులు. సేఫ్టీ పిన్నులు ఒక డజను ఎక్కువే పెట్టుకోండి, రెండో గంటలో నేను సెట్ మొత్తానికీ పిన్నులక్క అయిపోయాను. బంగారం వద్దు. తాళిబొట్టు తీయనంటే తీయక్కర్లేదు, లోపలికి వేసి పిన్ను పెట్టేస్తారు.

తిండి ప్రొడక్షన్ వాళ్ళే పెడతారు, పొద్దున ఇడ్లీ, పొంగలి, మధ్యాహ్నం అన్నం, రుచి బాగానే ఉంటుంది. కానీ వరసలో మనం చివర. పిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఉంటే ఆ వరస కోసం చూడకూడదు. మేం రోజూ ఒక డబ్బా పులిహోర, ఉడకబెట్టిన చెనక్కాయలు తీసుకుపోయాం. కాస్ట్యూమ్ మీద చేతులు తుడుచుకోకండి, నూనె మరక పడితే ఆ మరక సినిమా అంతా ఉండాల్సి వస్తుంది.

బాత్రూమ్ సంగతి కూడా చెప్పేస్తా. గోచీ పోసి కట్టిన చీరతో, నడుముకి వడ్డాణం బిగించాక, ఆ మొబైల్ టాయిలెట్లోకి పోయి రావడం అంటే ఇరవై నిమిషాల పని, ఇద్దరు మనుషుల సాయం కావాలి. కాస్ట్యూమ్ వేసుకునే ముందే పోయి రండి. అట్లా అని నీళ్ళు మానేయకండి, రెండో రోజు ఒకామె అట్లాగే చేసి కళ్ళు తిరిగి పడింది.

బట్టల దగ్గర

ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నా పని కాబట్టి. కాస్ట్యూమర్ దగ్గర ప్రతి జతకీ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరు మీ అరచేతి మీద రాయించుకోండి, మర్నాడు అదే జత రావాలి. మీ సొంత బట్టలు పేరు రాసిన సంచిలో పెట్టి మీ వాళ్ళలో ఎవరైనా కాపలా ఉండండి. నా కొత్త చెప్పులు మొదటి రోజే పోయాయి. గుడి దగ్గర చెప్పులు పోతే పీడ పోయిందంటారు, షూటింగ్ దగ్గర పోతే ఏం పోయినట్టో నాకు తెలీదు.

నేను కుట్టిన జాకెట్ మీద చుక్క మరక ఉన్నా కస్టమర్లు వెనక్కి ఇస్తారు. అక్కడ మరకలు పెట్టడానికే ఒక మనిషి జీతం తీసుకుంటున్నాడు! కొత్త పంచెల్ని టీ డికాషన్‌లో ముంచి పాతవాటిలా చేస్తున్నారు, అంచులు గరుకు కాగితంతో రుద్దుతున్నారు, మోకాళ్ళ దగ్గర మట్టి పూస్తున్నారు. మిషను కుట్టు, అంచు పోగులు ఊడకుండా మిషను మీద వేసే ఓవర్‌లాక్ కనిపిస్తుంటే నా చెయ్యి ఆగక అడిగాను. ముందు వరస వాళ్ళ బట్టలకే చేత్తో అంచు కుట్టారట, వెనక వరసలకి ఎవరూ చూడరు అని వదిలేశారట. మీకు కుట్టు పైకి కనిపించే బట్ట ఇచ్చారంటే మీరు వెనక వరస అని అర్థం, సినిమాలో మిమ్మల్ని వెతుక్కునే శ్రమ తగ్గుతుంది.

లోపల తప్పకుండా మీ సొంత నూలు బట్టలు వేసుకోండి, ఒంటి రంగుకి దగ్గరగా ఉన్నవి. పట్టులా మెరిసే ఆ గుడ్డల్లో చాలావరకు పాలిస్టరే. రెండు రకాలుగా ప్రమాదం: ఒకటి చెమటకి ఒరుసుకుని మండుతుంది, రెండు, నిప్పు తగిలితే నూలులా కాలి బూడిదై రాలదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. రాత్రి సీనులో కాగడాలు పట్టుకుంటారు, అప్పుడు మీ కొంగు, ఉత్తరీయం దోపుకుని నిలబడండి, కాగడా ఇస్తే పట్టనని చెప్పే హక్కు మీకుంది. సైనికుల కవచాలు ఫైబర్, ఫోమ్, బరువేం ఉండదు గానీ గాలి ఆడదు, ఒక్కో టేక్ (ఒకసారి తీయడం) అయ్యాక పట్టీలు వదులు చేయించుకోండి.

యాక్షన్ అన్నాక

కెమెరా వైపు చూడకూడదు. ఇది పిల్లలకి చెప్తే తప్పకుండా చూస్తారు. మావాడికి "అది చూడొద్దు" అని చెప్పడం మానేసి "ఆ పూలంగడి అవ్వ దగ్గర ఎన్ని మూరలు ఉన్నాయో లెక్కపెట్టు" అని పని ఇచ్చాను, అప్పుడు కుదిరింది. చూడాల్సిన చోటు చెప్పండి, చూడకూడని చోటు చెప్పకండి.

మాట్లాడుతున్నట్టు పెదవులు ఆడించాలి, శబ్దం రాకూడదు. బజారు గోల తర్వాత కలుపుకుంటారు. నవ్వు వస్తుంది, మొదటి రోజంతా వస్తుంది. మా ఆయన, ఇంకొకాయన నిశ్శబ్దంగా గుమ్మడికాయకి బేరం చేస్తూ చేస్తూ నిజంగానే గొడవ పడ్డారు.

అన్నిటికన్నా ముఖ్యం కంటిన్యుటీ. ఒకే సంగతిని ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, ఆ తర్వాత అటుపక్క నుంచి తీస్తారు, అన్నిసార్లూ మీరు అదే చోట, అదే కాలు ముందు పెట్టి, అదే చేత్తో అదే పని చేయాలి. గంప కుడి చంకలో ఉంటే సాయంత్రం దాకా కుడి చంకలోనే. అందుకే మొదటి టేక్‌లో కష్టమైన పని ఏదీ ఎత్తుకోకండి. బిందె మోసే పని ఇస్తే ఖాళీ బిందె అడగండి.

మా అత్తమ్మ కథ ఇక్కడే చెప్పాలి. ఆమెని పూలంగట్లో కూర్చోబెట్టి పూలు కడుతున్నట్టు చేయమన్నారు. చిన్నప్పటి నుంచి పూలు కట్టిన చేతులు, "కట్టినట్టు చేయడం" ఆమెకి రాదు, నిజంగానే కట్టేసింది. మానిటర్‌లో చూసిన డైరెక్టర్‌కి ఆ చేతులు నచ్చి ఆమెని ముందుకి జరిపించారు. మేమందరం గర్వపడ్డాం. నాలుగో టేక్‌కి గొడవ మొదలైంది. ఫోటోలు తీసి పోల్చుకునే అమ్మాయి పరుగెత్తుకొచ్చి, మొదటి టేక్‌లో జానెడు ఉన్న మాల ఇప్పుడు రెండు మూరలు అయింది, విప్పండి అన్నది. మా అత్తమ్మకి కోపం వచ్చింది. "ఏం తల్లీ, కట్టమంటిరి, కడితి. కట్టిన మాల విప్పితే పూలు నలిగిపోవా?" అని. చివరికి ఆ మాల అట్ల పక్కన పెట్టి, ప్రతి టేక్‌కీ జానెడు నుంచి కొత్తగా మొదలుపెట్టించారు. రోజు ముగిసేసరికి ఆమె పక్కన పన్నెండు మాలలు. మీ ఇంట్లో నిజంగా పని వచ్చిన పెద్దవాళ్ళు ఉంటే, మగ్గం, రోకలి, కుండ, ఏదైనా సరే, ఏజెంటుకి ముందే చెప్పండి, వాళ్ళకి మంచి చోటు దొరుకుతుంది. ఎంత వరకు చేసి ఆపాలో కూడా వాళ్ళకి అప్పుడే నేర్పండి.

అంగళ్ళలో సరుకు గురించి ఒక మాట. మూడో రోజు ఎవరో కుర్ర ఆర్ట్ అసిస్టెంటు మదనపల్లె టమోటాలు గంపలకి గంపలు తెచ్చి పోశాడు, చూడటానికి ఎర్రగా భలే ఉన్నాయి. మా అమ్మాయి మెల్లగా పోయి "అన్నా, టమోటాలు, మిరపకాయలు పోర్చుగీసు వాళ్ళు తెచ్చినవి కదా, రాయలు 1509 నుంచి 1529 దాకే కదా ఏలినాడు, అప్పటికే మన బజార్లో ఇన్ని కుప్పలా?" అన్నది. వాడు వెళ్ళి అడిగొచ్చి టమోటాలు తీసేశాడు. ఆ లెక్కన బంతిపూలు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే, ద్వారాలకి తోరణాలన్నీ అవే కట్టారు, వాటి జోలికి ఎవరూ పోలేదు. మల్లెలు, కనకాంబరాలు, మరువంతో కూర్చున్న మా అత్తమ్మ అంగడి మాత్రం తప్పులేనిది. మీకు ఇలాంటిది కనిపిస్తే మెల్లగా, ఒకసారి, కింది అసిస్టెంటుకి చెప్పండి. పెద్ద డైరెక్టర్ ముందు అందరూ వినేట్టు చెప్పకండి, మర్నాడు బస్సులో మీకు సీటు ఉండదు.

ఇంకో తమాషా. నూట యాభై మందిమి ఉన్నాం, సీనులో కావాల్సింది వేలమంది. కెమెరాని ఒకచోట కదలకుండా బిగించి మమ్మల్నందర్నీ ఎడమ మూలన నిలబెట్టి తీశారు, తర్వాత మధ్యలో, తర్వాత కుడి మూలన. ప్రతిసారీ తలపాగాలు, ఉత్తరీయాలు మార్చుకోమన్నారు. ఆ ముక్కలన్నీ కంప్యూటర్‌లో అతికిస్తారట. ఆ లెక్కన మా ఆయన ఒకే బజారులో మూడు చోట్ల ఉంటాడు. ఇలాంటప్పుడు చోటు మారిన ప్రతిసారీ మీ పక్కవాళ్ళు కూడా మారేట్టు చూసుకోండి, అదే నలుగురు అదే వరసలో ఉంటే దొరికిపోతారు.

గుర్రాలు, దుమ్ము

గుర్రం వెనక నిలబడకండి, పిల్లల్ని దాని దరిదాపులకి పోనివ్వకండి. కనుమ రోజు రంగంపేటలో పశువుల పండగ చూసిన ధైర్యం ఇక్కడ పనికిరాదు, మన పశువుకి మనం తెలుసు, ఆ గుర్రానికి మనం ఎవరమో తెలీదు. అది ఉరికే సీనులో ఎటు తప్పుకోవాలో ముందే అడిగి, రిహార్సల్ చేయమనండి. దుమ్ము కోసం ముల్తానీ మట్టి లాంటి మెత్తటి పొడి ఫ్యాన్లతో ఎగరేస్తారు, పొగ కూడా వదులుతారు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సీనుకి వద్దని చెప్పి పక్కన కూర్చోండి, ఇన్‌హేలర్ టెంట్‌లో కాకుండా చేతికి అందేచోట, గంప అడుగున పెట్టుకోండి. కత్తులు రబ్బరువో ఫైబర్‌వో ఇస్తారు, అయినా కంటికి తగిలితే కన్నే పోతుంది, మగపిల్లలు బ్రేక్‌లో వాటితో ఆడకుండా చూడండి.

ఫోన్లు లోపలికి రానివ్వరు, లేదా కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. కాస్ట్యూమ్‌లో సెల్ఫీ తీసి స్టేటస్‌లో పెట్టిన ఒక పిల్లాణ్ణి గంటలో పట్టుకున్నారు. మొదట్లో సంతకం పెట్టించుకునే కాగితంలో ఇదే ఉంటుంది, మన బొమ్మ వాడుకోవడానికి ఒప్పుకుంటున్నామని కూడా ఉంటుంది, అది చదివే పెట్టండి.

ప్యాకప్ అయ్యాక, అంటే ఆ రోజు షూటింగ్ ముగిశాక, ముందు డబ్బు, తర్వాత మేకప్. బస్సు ఎక్కితే ఇక ఎవరూ దొరకరు. జుట్టు, మీసం అతికించిన గమ్ము నీళ్ళకి పోదు, లాగితే చర్మం ఊడుతుంది, కొబ్బరినూనె పట్టించి పది నిమిషాలు ఆగి తుడవండి. నుదుటి మీద గీసిన నామాల రంగు మాత్రం నూనెకి కూడా లొంగదు. మావాడికి రెండు రోజులు పోలేదు, ట్యూషన్‌లో పిల్లలు అడిగితే ఇంకా షూటింగ్ ఉందని చెప్పుకు తిరిగాడు.